స్కాట్లాండ్‌లో అయిదేళ్లకోసారి వచ్చే ప్రశ్న

స్కాట్లాండ్ ప్రభుత్వం 2024లో ప్రజలను ఒక ప్రశ్న అడిగింది. 2010 నాటి ప్రజా సేవల సంస్కరణ చట్టంలోని రెండో భాగం మంత్రులకు ఇచ్చిన అధికారాలను ఇంకో అయిదేళ్లు కొనసాగించాలా? ఫలానా ఆస్పత్రి మూస్తామనో, ఫలానా పన్ను పెంచుతామనో అంటే ఊరంతా కదులుతుంది. ఇలాంటి ప్రశ్నకు మాత్రం జనం కదలరు. అందులో ఏ ఆస్పత్రి పేరూ లేదు, ఏ బడి పేరూ లేదు. ఉన్నదల్లా ఒక చట్టం పేరు, ఒక భాగం అంకె, ఒక గడువు.

ఆ గడువుతో ముడిపడి ఉన్న అధికారం మాత్రం చిన్నది కాదు. స్కాట్లాండ్ పార్లమెంటు ఒకసారి చేసిన చట్టాన్ని, మళ్లీ బిల్లు పెట్టకుండా, ఒక ఉత్తర్వుతో మంత్రులు మార్చవచ్చు. ఒక ప్రభుత్వ సంస్థ చేసే పనిని తీసి ఇంకో సంస్థకు అప్పగించవచ్చు. కొత్త బాధ్యతలు కట్టబెట్టవచ్చు, ఉన్నవి తీసేయవచ్చు. పనులన్నీ వేరే చోటికి పోయిన సంస్థను పూర్తిగా రద్దు చేయవచ్చు. చట్టం పెట్టిన మొదటి షరతు ఇది: ఆ మార్పు వల్ల ప్రజా సేవల నిర్వహణ మెరుగుపడుతుందని మంత్రులు భావించాలి. మెరుగుదలను కొలవడానికి సామర్థ్యం, ఫలితం, పొదుపు చూడాలని కూడా చెప్పింది. దీనికి తోడు ఇంకో అధికారం ఉంది. చట్టాల వల్ల పౌరుల మీద, వ్యాపారాల మీద, సంస్థల మీద పడే భారాన్ని తగ్గించడానికో తీసేయడానికో కూడా ఉత్తర్వు ఇవ్వవచ్చు. అనవసర ఖర్చు, అక్కర్లేని కాగితాల పని, పనికి అడ్డుపడే నిబంధన, ఇవన్నీ భారం కిందే లెక్క.

ఇంత వెసులుబాటు ఎందుకు కావలసి వచ్చిందో అర్థం చేసుకోవాలంటే 2007 దాకా వెనక్కి పోవాలి. అప్పుడే అధికారంలోకి వచ్చిన స్కాటిష్ నేషనల్ పార్టీ ప్రభుత్వం, దేశంలో ప్రభుత్వ సంస్థలు మరీ ఎక్కువైపోయాయని, నాలుగో వంతు తగ్గిస్తామని ప్రకటించింది. అప్పటి లెక్కలో అలాంటి సంస్థలు 199. ఒక్కో సంస్థ కోసం ఒక్కో బిల్లు పెడితే 129 మంది సభ్యులున్న పార్లమెంటుకు వేరే పనికి తీరిక ఉండదు. అప్పటి ఆర్థిక మంత్రి జాన్ స్విన్నీ తెచ్చిన ఈ బిల్లును 2010 మార్చిలో పార్లమెంటు ఆమోదించింది. కొన్ని పెద్ద విలీనాలు ఆ చట్టంలోనే జరిగిపోయాయి. ఆర్ట్స్ కౌన్సిల్, స్కాటిష్ స్క్రీన్ కలిసి క్రియేటివ్ స్కాట్లాండ్ అయ్యాయి. జింకల కమిషన్ వెళ్లి ప్రకృతి పరిరక్షణ సంస్థలో కలిసింది. ఇకముందు చేయాల్సిన చిన్న మార్పుల కోసం రెండో భాగంలో ఉత్తర్వుల అధికారం పెట్టుకున్నారు.

అప్పుడే అభ్యంతరాలు వచ్చాయి. మంత్రులకు ఇచ్చిన అధికారం మరీ విశాలంగా ఉందన్నారు. ప్రభుత్వం మీద వచ్చే ఫిర్యాదులు విని తీర్పు చెప్పే స్వతంత్ర సంస్థలు కూడా ఈ అధికారం కిందికి వస్తే, తీర్పు చెప్పేవాడి కుర్చీ తీర్పు అందుకునేవాడి చేతిలో ఉన్నట్టే కదా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ చర్చ ఫలితంగానే చట్టంలో కాపలా కంచెలు వచ్చాయి. ఉత్తర్వు ప్రభావం దాని ఉద్దేశానికి మించి ఉండకూడదు. అవసరమైన రక్షణ దేన్నీ తీసేయకూడదు. ఎక్కువ కాలం జైలు పడే కొత్త నేరాలను ఉత్తర్వుతో సృష్టించకూడదు, బలవంతంగా ఇంట్లోకి జొరబడే అధికారాన్ని ఎవరికీ ఇవ్వకూడదు. వీటన్నిటి మీదా ఒక గడువు: అయిదేళ్లు. పొడిగించాలంటే మంత్రులు మళ్లీ పార్లమెంటు ముందుకు వచ్చి ఆమోదం తీసుకోవాలి.

బ్రిటన్ రాజకీయ భాషలో ఇలాంటి అధికారానికి చాలా పాత పేరు ఉంది, హెన్రీ ది ఎయిత్ క్లాజు అని. ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో, 1539లో, రాజు జారీ చేసే ప్రకటనలకు చట్టంతో సమానమైన బలం ఇస్తూ ఒక శాసనం వచ్చింది. రాజు పోయిన 1547లోనే దాన్ని రద్దు చేశారు. శాసనం పోయినా పేరు మిగిలింది. చట్టాన్ని మార్చే పని చట్టసభ నుంచి పాలకుడి బల్ల మీదికి జారినప్పుడల్లా ఆ పేరు ఎవరో ఒకరు తలుచుకుంటారు. 2006లో లండన్ పార్లమెంటులో వచ్చిన లెజిస్లేటివ్ అండ్ రెగ్యులేటరీ రిఫార్మ్ బిల్లును విమర్శకులు ‘పార్లమెంటు రద్దు బిల్లు’ అని పిలిచారు. కేంబ్రిడ్జ్ న్యాయశాస్త్ర ఆచార్యులు ఆరుగురు దానికి వ్యతిరేకంగా పత్రికకు లేఖ రాశారు. ప్రభుత్వం వెనక్కి తగ్గి కంచెలు కట్టాక గానీ ఆ బిల్లు చట్టం కాలేదు. స్కాట్లాండ్ 2010 చట్టంలో కనిపించే షరతులు చాలావరకు ఆ కంచెలకు దగ్గరి చుట్టాలే.

ఇంతవరకూ చదివినవాళ్లకు ఈ అధికారం ప్రమాదకరమైనదని అనిపించవచ్చు. అయితే పదిహేనేళ్లలో దానితో ఏం చేశారో చూడకుండా తేల్చడం సరికాదు. చూస్తే కథ అంత సూటిగా ఉండదు.

స్కాట్లాండ్‌లో సోషల్ వర్క్ విభాగం తీసుకున్న నిర్ణయం మీద ఫిర్యాదు చేయాలంటే ఒకప్పుడు కౌన్సిల్, అంటే స్థానిక పాలక సంస్థ, ఏర్పాటు చేసిన సమీక్ష కమిటీ ముందుకు పోవాల్సి వచ్చేది. ఆ తర్వాత ప్రజా సేవల మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి అయిన ఓంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లినా, పద్ధతి ప్రకారం జరిగిందా లేదా అన్నంత వరకే ఆ కార్యాలయం చూడగలిగేది. అధికారి తీసుకున్న వృత్తిపరమైన నిర్ణయం సరైనదా కాదా అన్న అసలు సంగతిలోకి దిగే వీలుండేది కాదు. ముసలి తల్లికి ఇంటి దగ్గర సాయం ఎందుకు ఆపేశారని అడిగే మనిషికి, ఫారాలు సరిగ్గానే నింపారన్న జవాబు దేనికి పనికొస్తుంది? 2016లో ఈ చట్టం కింద వచ్చిన ఉత్తర్వు ఆ అడ్డు తీసేసింది. 2017 ఏప్రిల్ నుంచి ఓంబుడ్స్‌మన్ ఆ నిర్ణయంలోని మంచిచెడ్డలనూ పరిశీలించగలుగుతున్నారు. ఇందుకోసం ప్రత్యేకంగా ఒక బిల్లు వస్తుందని ఎదురుచూసి ఉంటే ఎన్నేళ్లు పట్టేదో ఊహించవచ్చు.

ఆరోగ్య సేవల్లో తప్పు జరుగుతోందని బయటపెట్టే ఉద్యోగుల విషయమూ అంతే. ఓంబుడ్స్‌మన్ చట్టం సేవలు పొందే ప్రజల ఫిర్యాదుల కోసం రాసినది. సిబ్బంది ఆందోళనలకు అందులో చోటు లేదు. 2020లో వచ్చిన ఉత్తర్వుతో ఆ చోటు ఏర్పడింది. కోవిడ్ వల్ల ఆలస్యమైనా 2021 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ సిబ్బంది మాట వినడానికి ఒక స్వతంత్ర అధికారి ఉన్నారు. టీచర్ల వృత్తిని నియంత్రించే జనరల్ టీచింగ్ కౌన్సిల్ కూడా, 1965లో పుట్టినప్పటి నుంచి ఉన్న ప్రభుత్వ అదుపు నుంచి బయటపడి, 2012 ఏప్రిల్‌లో స్వతంత్ర సంస్థ అయింది. అదీ ఇలాంటి ఉత్తర్వుతోనే. మంత్రులు తమ చేతిలోని అధికారంతో తమ పట్టునే సడలించుకున్న సందర్భం అది. దీన్ని ఒప్పుకోకుండా ఈ అధికారాన్ని విమర్శించడం న్యాయం కాదు.

అన్నిటికంటే ఎక్కువ నేర్పేది జైళ్ల ఉదంతం. స్కాట్లాండ్ జైళ్లకు పంతొమ్మిదో శతాబ్దం నుంచి విజిటింగ్ కమిటీలు ఉండేవి. మామూలు పౌరులు, జీతం లేకుండా, జైలుకు వెళ్లి ఖైదీల మాట వినే ఏర్పాటు. 2011లో అప్పటి న్యాయ శాఖ మంత్రి కెనీ మెకాస్కిల్ ఈ కమిటీలను తీసేస్తామన్నారు. వాటి స్థానంలో ఖైదీల తరఫున మాట్లాడే ఒక సేవను పెట్టాలన్నది ఆలోచన. అభ్యంతరాలు వెల్లువెత్తాయి. జైలు గేటు లోపల ఏం జరుగుతోందో బయటివాళ్ల కళ్లతో చూడడం వేరు, ఖైదీకి సలహా చెప్పడం వేరు అన్నారు. జైళ్ల పాలనలో పేరున్న ప్రొఫెసర్ ఆండ్రూ కోయిల్ చేత ప్రభుత్వం సమీక్ష చేయించింది. ఆ తర్వాత ముసాయిదా ఉత్తర్వు వచ్చింది. అది పార్లమెంటు న్యాయ కమిటీ ముందుకు వెళ్లింది, సంప్రదింపుల్లో నలిగింది, మారింది. చివరికి 2014లో ఆమోదం పొందిన ఉత్తర్వు, మంత్రి మొదట చెప్పిన మాటకు చాలా దూరంగా ఉంది. 2015 ఆగస్టు 31 నుంచి జైళ్ల ఇన్‌స్పెక్టరేట్ కింద స్వచ్ఛందంగా పనిచేసే స్వతంత్ర జైలు పరిశీలకులు వచ్చారు. పౌరుల కళ్లు జైలు లోపల అలాగే మిగిలాయి.

ఈ ఉదంతంలో ముసాయిదా ఏ దశలో మారిందో గమనించాలి. తుది ఉత్తర్వు పార్లమెంటులో ఓటుకు వచ్చినప్పుడు సభ్యులు దానిలో ఒక్క అక్షరం కూడా మార్చలేరు. అవును అనాలి, లేదా కాదు అనాలి. బిల్లుకు ఉండే సవరణల దశ ఉత్తర్వుకు ఉండదు. అందుకే 2010 చట్టం సూపర్ అఫర్మేటివ్ అనే పద్ధతి పెట్టింది. ఉత్తర్వు తేదలిచిన మంత్రి ముందుగా దాని ముసాయిదాను, దానితో పాటు ఈ మార్పు ఎందుకో చెప్పే వివరణ పత్రాన్ని పార్లమెంటు ముందు 60 రోజులు ఉంచాలి. మార్పు వల్ల ప్రభావితమయ్యే సంస్థలను, వర్గాల ప్రతినిధులను సంప్రదించాలి. వచ్చిన అభిప్రాయాలను చూశాక, ఏవి విని ఏం మార్చారో రాసి, తుది ముసాయిదాను ఓటుకు పెట్టాలి. వాక్యం మార్చే అవకాశం ఆ 60 రోజుల్లోనే ఉంది. ఒక ప్రజాభిప్రాయ సేకరణ శాసనసభ చేసే పనిలో కొంత భాగాన్ని మోస్తోంది అంటే అతిశయోక్తి కాదు. సవరణ తేగలిగిన సభ్యుడు లేని చోట, సవరణ కోరే లేఖ రాసే పౌరుడే దిక్కు.

ఆ లేఖకు విలువ ఉండాలంటే అడిగే పద్ధతి నిజాయితీగా ఉండాలి. దీనికి బ్రిటన్ కోర్టులు కొలతలు చెప్పాయి. లండన్‌లోని బ్రెంట్ కౌన్సిల్ బడుల వ్యవహారంలో 1985లో వచ్చిన గన్నింగ్ కేసులో, న్యాయవాది స్టీఫెన్ సెడ్లీ వాదించిన నాలుగు సూత్రాలను కోర్టు ఒప్పుకుంది. నిర్ణయం ఇంకా రూపు దిద్దుకుంటున్నప్పుడే అడగాలి. తెలివిగా జవాబు చెప్పడానికి సరిపడా కారణాలు చెప్పాలి. ఆలోచించడానికి తగినంత సమయం ఇవ్వాలి. వచ్చిన జవాబులను మనస్ఫూర్తిగా పరిగణించాలి. 2014లో సుప్రీంకోర్టు హారింగే కౌన్సిల్ కేసులో వీటికి తన ముద్ర వేసింది. పేదలకు కౌన్సిల్ పన్నులో ఇచ్చే రాయితీ తగ్గించబోతూ ఆ కౌన్సిల్ ప్రజలను అడిగింది. కానీ రాయితీ తగ్గించడం తప్ప గత్యంతరం లేదన్నట్టు పత్రం రాసింది. పన్ను పెంచడం, వేరే ఖర్చు తగ్గించడం, నిల్వ డబ్బు వాడడం వంటి దారులు ఉన్నాయని, వాటిని ఎందుకు వద్దనుకున్నారో చెప్పలేదు. ఆ సేకరణ చట్టవిరుద్ధమని కోర్టు తేల్చింది.

ఈ కొలతతో అధికారాల పొడిగింపు ప్రశ్నను చూస్తే ఒక ఇబ్బంది బయటపడుతుంది. ఒక నిర్దిష్ట ఉత్తర్వు ముసాయిదా మీద అభిప్రాయం అడిగితే జవాబు చెప్పడానికి పట్టు దొరుకుతుంది. ఖైదీ ఉన్నాడు, పరిశీలకుడు ఉన్నాడు, ఫిర్యాదు ఉంది. మొత్తం అధికారాన్నే పొడిగించాలా అని అడిగితే, రేపు దానితో ఏం చేస్తారో ఎవరికీ తెలియదు. జవాబు చెప్పేవాళ్లు కూడా ఎక్కువగా ప్రభుత్వ సంస్థలూ, కౌన్సిళ్లూ, వృత్తి సంఘాలే అవుతారు. ఆ అధికారం వల్ల ఏదో ఒక రోజు తాము రద్దయిపోవచ్చని తెలిసినా, ఈరోజు తమకు ఓ చిన్న సవరణ దాని ద్వారానే త్వరగా దొరుకుతుందన్న ఆశ కూడా వాళ్లకు ఉంటుంది. సేవలు పొందే మనిషి ఆ గదిలో ఉండడు. 2015లో పొడిగించారు, 2020లో పొడిగించారు, 2025లోనూ పొడిగించారు. ఆపేద్దాం అనే వాదన ఏనాడూ గెలుపు దగ్గరికి రాలేదు.

పొడిగించడం తప్పని కాదు. పైన చెప్పిన ఉత్తర్వుల జాబితా చూశాక, ఈ అధికారాన్ని పూర్తిగా తీసేస్తే నష్టపోయేది ఫిర్యాదుదారుడూ, తప్పును బయటపెట్టే నర్సూ అనే చెప్పాలి. చిక్కంతా గడువు నిబంధన అసలు ఉద్దేశం నెరవేరుతోందా అన్న దగ్గరే ఉంది. గడువు పెట్టేది అధికారాన్ని అయిదేళ్లకోసారి బోనులో నిలబెట్టడానికి. బోనులో నిలబడ్డవాడిని ప్రశ్నించకుండా, పేరు పిలిచి, హాజరు వేసుకుని పంపేస్తే గడువు ఉన్నా లేనట్టే. లండన్ పార్లమెంటు 2011లో చేసిన పబ్లిక్ బాడీస్ చట్టంలో ఇంకాస్త గట్టి పద్ధతి కనిపిస్తుంది. ఏ సంస్థల మీద ఈ అధికారం వాడతారో వాటి పేర్లు పట్టికల్లో రాయాల్సి వచ్చింది, ఆ పేర్లు అయిదేళ్లలో పట్టిక నుంచి రాలిపోయేట్టు రాశారు. పేర్లు ముందే ఉండడం వల్ల ఏమైంది? బాల నేరస్తుల వ్యవహారాలు చూసే యూత్ జస్టిస్ బోర్డు పేరు చూసి పార్లమెంటు ఎగువ సభ (ప్రభువుల సభ) అడ్డుపడింది, ప్రభుత్వం ఆ పేరు తీసేసింది. అదే బిల్లులో ప్రభుత్వ అడవులను అమ్ముకోవడానికి వీలిచ్చే భాగం ఉందని తెలిసి జనం లక్షల్లో సంతకాలు చేస్తే, 2011 ఫిబ్రవరిలో ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది. ఫలానా అడవి అనగానే కదిలినవాళ్లే రెండో భాగం పొడిగింపు అంటే కదలకపోవచ్చు. అది వాళ్ల లోపం కాదు, అడిగిన తీరులో ఉన్న లోపం.

ఇప్పుడు ఈ సంగతికి మరింత బరువు వచ్చింది. 2025 జూన్‌లో మంత్రి ఇవాన్ మెకీ ప్రజా సేవల సంస్కరణ వ్యూహం విడుదల చేశారు. ప్రభుత్వం, దాని సంస్థల నిర్వహణ ఖర్చులో అయిదేళ్లలో ఏటా 100 కోట్ల పౌండ్లు మిగిలే స్థితికి చేరాలన్నది లక్ష్యం. అంత మొత్తం కాగితాలు, కరెంటు బిల్లులు తగ్గిస్తే రాదు. విలీనాలు, ఉమ్మడి కార్యాలయాలు, మూసివేతల ఆలోచన వచ్చి తీరుతుంది. అప్పుడు చేతికి అందుబాటులో ఉండే పనిముట్టు ఈ రెండో భాగమే. 2010లో ఆర్థిక మంత్రిగా ఆ బిల్లు తెచ్చిన స్విన్నీ, 2025లో దాన్ని పొడిగించే నాటికి స్కాట్లాండ్ ప్రభుత్వాధినేతగా (ఫస్ట్ మినిస్టర్‌గా) ఉన్నారు. ఆ పనిముట్టు పదును ఆయనకు తెలియనిది కాదు.

పెద్ద మార్పును ఉత్తర్వుల మీద వదిలేస్తే ఏమవుతుందో స్కాట్లాండ్ ఈమధ్యే చూసింది. సంరక్షణ సేవలకు ఒక జాతీయ సంస్థను పెట్టాలంటూ 2022లో ప్రవేశపెట్టిన నేషనల్ కేర్ సర్వీస్ బిల్లు చట్రం మాత్రమే ఇచ్చి, వివరాలన్నీ తర్వాత ఉత్తర్వుల్లో చెబుతామంది. పార్లమెంటు కమిటీలు, కౌన్సిళ్లు, కార్మిక సంఘాలు ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి లాగాక, 2025 జనవరిలో ఆ సంస్థ ఏర్పాటు ఆలోచననే ప్రభుత్వం వదిలేసింది. దీనికి భిన్నంగా, ఎనిమిది పోలీసు దళాలను కలిపి 2013లో పోలీస్ స్కాట్లాండ్ చేసినప్పుడు అందుకోసం పూర్తి స్థాయి చట్టమే తెచ్చారు. అంత చర్చ జరిగినా విలీనం వల్ల వ్యాట్ వాపసు హక్కు పోయి, 2018లో నిబంధన మారేదాకా కొత్త పోలీసు సంస్థ ఏటా డబ్బు పోగొట్టుకుంది. సవరణలకు తావున్న బిల్లులోనే ఇలాంటి చిక్కు మిగిలిపోతే, సవరణే లేని ఉత్తర్వులో ఎన్ని మిగలవచ్చు?

సంస్కరణకు వ్యతిరేకంగా ఈ వాదన చేయడం లేదు. 2011లో క్యాంప్‌బెల్ క్రిస్టీ అధ్యక్షతన పనిచేసిన కమిషన్, ప్రజా సేవల ఖర్చులో 40 శాతం దాకా ముందే నివారించగలిగిన సమస్యల మీద పోతోందన్న అంచనాను దేశం ముందుంచింది. కార్మిక సంఘాల ఉద్యమంలోంచి వచ్చిన క్రిస్టీ, సేవలను ఎలా మార్చాలో నిర్ణయించేటప్పుడు వాటిని వాడుకునేవాళ్లు ఆ గదిలో ఉండాలని పట్టుబట్టారు. ఆ నివేదికను అన్ని పార్టీలూ ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటాయి. గౌరవం నిజమైతే అది ముందుగా కనిపించాల్సింది అధికారాల పొడిగింపు పత్రంలోనే.

తాజా పొడిగింపు 2030 వరకు. అంతకు ముందే మళ్లీ ఈ ప్రశ్న వస్తుంది. అప్పటి పత్రంలో, గడిచిన అయిదేళ్లలో ఈ అధికారం కింద ఇచ్చిన ప్రతి ఉత్తర్వు పక్కనా మూడు సంగతులు రాసి ఉండాలి: అప్పట్లో మెరుగవుతుందని చెప్పినది ఏమిటి, నిజంగా మెరుగైనదెంత, సంప్రదింపుల వల్ల ముసాయిదాలో ఏ వాక్యం మారింది. రాబోయే కాలంలో ఏ సంస్థల మీద దీన్ని వాడాలనుకుంటున్నారో ఆ పేర్లూ ఉండాలి. పొడిగించకపోతే అందుబాటులో ఉండే ఇతర దారులేమిటో, వాటిని ఎందుకు వద్దనుకుంటున్నారో చెప్పాలి. హారింగే తీర్పు ఒక కౌన్సిల్‌ను అడిగింది అదే. ఆ పత్రాన్ని జైలు పరిశీలకుడికీ, ఇంటి దగ్గర సాయం ఆగిపోయిన ముసలి తల్లి కూతురికీ చేరేలా పంపి, జవాబు రాయడానికి వాళ్లకు 12 వారాలైనా ఇవ్వాలి.